సెట్టును తిట్టే ముందు

మిషిగన్ స్టేట్ పోలీసుల గస్తీ కారును ఎంత దూరం నుంచైనా పోల్చుకోవచ్చు. నీలిరంగు ఒళ్లు, నెత్తిన ఒంటి ఎర్రదీపం, బానెట్ మీద నిటారుగా ఒక రెక్క. డెట్రాయిట్ చుట్టుపక్కల కార్ల కంపెనీల్లో పనిచేసే తెలుగువాళ్లకు ఈ బండి కొత్త కాదు. ఇండియా నుంచి చుట్టపుచూపుగా వెళ్లినవాళ్లు మాత్రం ఆ రెక్కను చూసి వైర్‌లెస్ యాంటెనా అనుకోవచ్చు. అది యాంటెనా కాదు, పక్కన వెళ్లే బండిని ఆగమని చెప్పే బోర్డు. అసలు యాంటెనాలు పైకప్పు మీదో డిక్కీ మూత మీదో సన్నటి పుల్లల్లాగా, చిన్న నల్ల బిళ్లల్లాగా ఉంటాయి. వాటివైపు ఎవరూ చూడరు.

ఎవరూ చూడని ఆ భాగం గురించే ఈ అధ్యాయం. మాట అవతలికి చేరలేదంటే మనిషి మొదట చేసే పని సెట్టును తిట్టడం. రెండో పని, ఇంతకంటే పెద్ద సెట్టు కావాలని అడగడం. ఇంట్లో వైఫై వెనక గదికి అందకపోయినా, ఆఫీసు మీటింగులో మాట తెగిపోయినా, అంబులెన్సు డ్రైవరు పిలుపుకు కంట్రోల్ రూము పలకకపోయినా ఇదే వరస. తొంభై ఏళ్లు దాటిన పోలీసు రేడియో అనుభవం వేరే మాట చెబుతుంది. తప్పు చాలాసార్లు పెట్టెలో ఉండదు. పెట్టెకూ ఆకాశానికీ మధ్య ఉన్న రెండు మూడు గజాల్లో ఉంటుంది. అక్కడా లేకపోతే మీట నొక్కిన వేలుకూ నోటికీ మధ్య ఉన్న అర సెకనులో ఉంటుంది. అక్కడ వెతకడం అలవాటైన మనిషికి సగం ఖర్చులు, సగం తగాదాలు తగ్గుతాయి.

మొదటి పాఠం డెట్రాయిట్ నగర పోలీసులదే. 1921లో వాళ్లు కార్లలో రేడియో పెట్టి చూడటం మొదలుపెట్టారు. కమిషనర్ విలియం రట్లెడ్జ్‌కు దాని మీద గట్టి గురి. పోలీసు స్టేషన్ అని వేరే లైసెన్సు లేని రోజులు కాబట్టి వినోద ప్రసారాల కింద అనుమతి వచ్చింది. దాంతో కేవోపీ అనే ఆ స్టేషను దొంగ కారు వివరాలు చదవడంతోపాటు సంగీతం కూడా వినిపించాల్సి వచ్చేది. ప్రసారం చేసే వైపు పెద్ద చిక్కేమీ లేదు. చిక్కంతా కారు వైపు. గతుకుల్లో రిసీవర్ వాల్వులు అదిరేవి. స్పార్కు ప్లగ్గుల గరగర మాటను మింగేసేది. బండి కదులుతుంటే స్టేషను జారిపోయేది. కుదుపులకు పట్టు తప్పని రిసీవరు కోసం కెన్నెత్ కాక్స్ అనే పోలీసూ, రాబర్ట్ బాట్స్ అనే ఇంజనీరింగ్ కుర్రాడూ కుస్తీ పట్టారు. ఏడేళ్ల ప్రయోగాల తర్వాత, 1928 ఏప్రిల్ 7న, బెల్ ఐల్ అనే దీవిలోని స్టేషను నుంచి గస్తీ కార్లకు రోజువారీ ప్రసారాలు నిలదొక్కుకున్నాయి.

ఏడేళ్లలో ఎక్కువ భాగం టవరు మీద కాక కారు మీద ఖర్చయిందన్నది గమనించాల్సిన సంగతి. ఏ సంస్థలోనైనా టవరు కడతామంటే నిధులు పుడతాయి. ప్రారంభోత్సవం ఉంటుంది, ఫొటో ఉంటుంది. కారులో రిసీవరు అదరకుండా రబ్బరు ముక్కలు వేస్తామంటే ఎవరూ రిబ్బను కత్తిరించరు.

1930లో మిషిగన్ స్టేట్ పోలీసులు ఈస్ట్ లాన్సింగ్‌లో డబ్ల్యూఆర్‌డీఎస్ అనే సొంత స్టేషను పెట్టుకున్నారు. అప్పటికీ అది ఒకవైపు మాటే. కారులో ఉన్నవాడు వింటాడు, బదులు చెప్పలేడు. విన్నానని చెప్పాలన్నా ఫోను ఉన్న చోటికి పోవాలి. కారులోంచి తిరిగి మాట్లాడే వీలు 1933లో న్యూజెర్సీలోని బేయోన్ అనే చిన్న ఊరి పోలీసులకు మొదట దక్కింది.

యాంటెనా కథ ఇంకా తమాషాగా ఉంటుంది. ఆ కాలపు కార్లకు పైకప్పు పూర్తిగా ఇనుము కాదు. చట్రం మీద గుడ్డ బిగించేవారు, దాని కింద ఇనుప వల ఉండేది. ఆ వలో, కప్పు లోపల అటూ ఇటూ లాగిన తీగో యాంటెనాగా పనిచేసేది. 1935 మోడళ్లలో జనరల్ మోటార్స్ 'టరెట్ టాప్' పేరుతో ఏకంగా ఉక్కు రేకు కప్పు తెచ్చింది. మిగతా కంపెనీలూ అదే దారి పట్టాయి. లోపల కూర్చున్నవాళ్లకు అది రక్షణ, రేడియోవాళ్లకు గండం. లోపలి తీగకు ఆకాశం మూసుకుపోయింది. చాలామంది యాంటెనాను కారు కిందికి, ఎక్కేటప్పుడు కాలు మోపే పక్క మెట్ల అడుక్కి దించారు. అక్కడ దానికి బురద, వాననీళ్లు, రాళ్ల దెబ్బలు.

కొన్నేళ్లకు అదే ఉక్కు కప్పు యాంటెనాకు దొరికిన అతి మంచి చోటు అయింది. పోలీసు రేడియో పొట్టి తరంగాలకు మారాక యాంటెనా బయట నిలబెట్టే పుల్ల అయింది. పావు తరంగం పొడవున్న పుల్ల ఒంటరిగా సగం యాంటెనాయే. రెండో సగం దాని కింద పరుచుకున్న లోహం. ఇరవై ముప్పై చదరపు అడుగుల ఉక్కు కప్పు నడిబొడ్డున పుల్లను నిలబెడితే నాలుగు దిక్కులకూ దాదాపు సమానంగా పలుకుతుంది, వింటుంది. మునుపు ఆకాశాన్ని మూసిన రేకే ఇప్పుడు ఆధారం. ఒక పనిముట్టు అడ్డమా ఆసరానా అన్నది దాని ఏ వైపున నిలబడ్డామన్నదాన్ని బట్టి ఉంటుంది.

నడిబొడ్డు అన్న మాట ఊరికే అన్నది కాదు. పుల్లను ఒక మూలకు జరిపితే లోహం ఎక్కువ పరుచుకున్న వైపు బలం ఎక్కువ, రెండో వైపు తక్కువ. వెనక ఎడమ మూలన యాంటెనా ఉన్న బండికి ముందు కుడి దిక్కు బాగా వినిపిస్తుంది. అలాంటి బండి నడిపేవాడు ఇక్కడ సిగ్నలు వచ్చిపోతోందని చెప్పేదాంట్లో కొంత తన బండి మూతి ఎటు తిరిగిందన్న సంగతే. స్థలాన్ని అనుమానించే ముందు బండిని ఒక చుట్టు తిప్పి చూస్తే పైసా ఖర్చు లేకుండా తేలిపోతుంది.

రాష్ట్రమంతటా రెండు వైపులా మాట్లాడుకునే ఏర్పాటులో అసలు మలుపు కనెక్టికట్‌ది. అక్కడి విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పే డేనియల్ నోబుల్‌కు స్టేట్ పోలీసుల పని అప్పగించారు. అప్పటి సెట్లు ఏఎంవి. ఏఎంలో మాట ఉండేది తరంగం ఎత్తుపల్లాల్లో. ఇంజను స్పార్కు, కరెంటు తీగలు, ఉరుములు కదిలించేదీ ఆ ఎత్తుపల్లాలనే. అందుకే గరగర మాటతోపాటు చెవిలోకి వచ్చేస్తుంది. దీనికి అందరికీ తెలిసిన మందు వాట్లు పెంచడం. నోబుల్ అది వదిలిపెట్టి, ఎడ్విన్ ఆర్మ్‌స్ట్రాంగ్ 1933లో పేటెంటు పొందిన ఎఫ్‌ఎంను తీసుకున్నాడు. ఎఫ్‌ఎంలో మాట తరంగం ఎంత త్వరగా ఊగుతోందన్నదాంట్లో ఉంటుంది. ఎత్తుపల్లాలను రిసీవరు కోసి పారేస్తుంది, వాటితోపాటు గరగరా పోతుంది. పైగా ఒకే చానెల్లో ఇద్దరు మాట్లాడితే బలమైన గొంతు ఒక్కటే వినిపిస్తుంది. ఫ్రెడ్ లింక్ కంపెనీ సెట్లు తయారుచేసింది. 1940 నాటికి కనెక్టికట్ కార్లు రాష్ట్రమంతటా మాట్లాడుకున్నాయి. దేశంలో అలాంటి ఎఫ్‌ఎం వ్యవస్థ అదే మొదటిది. ఆ ఏడాదే నోబుల్, మోటరోలా పేరుతో కారు రేడియోలు అమ్ముతున్న గాల్విన్ కంపెనీలో చేరాడు. పోలీసు కార్ల మీద ఆ పేరు పాతుకుపోవడానికి ఈ చేరికే పెద్ద కారణం.

గోల ఎక్కువైనప్పుడు అరవడం ఒక్కటే దారి కాదని నోబుల్ చూపించాడు. కిక్కిరిసిన కార్యాలయంలో పదిమందికి చెప్పాల్సిన విషయాన్ని గొంతు చించుకుని చెప్పేవాడి కంటే, నాలుగు ముక్కలు కాగితం మీద రాసి గోడకు అంటించినవాడి పని తొందరగా అవుతుంది.

ఇక కొలతలు. ఇక్కడ లెక్క చాలా తేలిక, నోటిలెక్కగా వేసుకుంటే చాలు. 75ను మెగాహెర్ట్జ్‌లతో భాగిస్తే పావు తరంగం పొడవు మీటర్లలో వస్తుంది. కాలిఫోర్నియా హైవే పెట్రోల్ దశాబ్దాలుగా 39 నుంచి 45 మెగాహెర్ట్జ్‌ల ప్రాంతంలో మాట్లాడుతోంది. 42కు లెక్క కడితే దాదాపు 1.8 మీటర్లు, ఒక మనిషి ఎత్తు. పాత సినిమాల్లో పోలీసు కారు వెనక వంగి ఊగే పొడవాటి పుల్ల అదే. 155 మెగాహెర్ట్జ్‌లకు 48 సెంటీమీటర్లు. 460కి 16. ఇప్పుడు ఎన్నో రాష్ట్రాలు వాడుతున్న 800 ప్రాంతంలో 9 సెంటీమీటర్లు చాలు, అరచేతిలో పట్టే మొలక. కాబట్టి కారు మీద పుల్ల పొట్టిగా ఉందంటే సెట్టు నాసిరకమని కాదు. ఏ పౌనఃపున్యంలో మాట్లాడుతోందో చెబుతోంది, అంతే. యాంటెనాను చూసి చానెలును ఊహించగలిగినవాడికి సగం విద్య వచ్చినట్టే.

పొడవాటి తరంగం కొండల మీదుగా కాస్త వంగి అవతలికి దిగుతుంది. కొండలూ ఎడారులూ ఉన్న కాలిఫోర్నియాకు అది కలిసొచ్చింది. అయితే దూరం పోవడం అన్నివేళలా మేలు కాదు. సూర్యుడి మీద మచ్చలు పెరిగే ఏళ్లలో ఆకాశపు పై పొరలు ఈ తరంగాలను అద్దంలా తిప్పి కొడతాయి. అప్పుడు పక్క జిల్లా కారు వినపడకపోయినా వేల కిలోమీటర్ల అవతలి రాష్ట్రం పోలీసుల మాట గది నిండా మోగుతుంది. దీనికి విరుగుడు కూడా పవరు కాదు. ప్రతి మాటతోపాటు చెవికి ఆనని ఒక సన్నటి ధ్వనిని పంపి, ఆ ధ్వని ఉన్న పిలుపులకే స్పీకరు తెరుచుకునేలా చేశారు. పరాయి పిలుపులు రావడం ఆగలేదు, చెవిన పడటం ఆగింది. ఫోనులో వందల గ్రూపుల నోటిఫికేషన్లతో సతమతమయ్యేవాళ్లు పోలీసుల నుంచి ఎత్తుకోదగ్గ మొదటి చిట్కా ఇదే: గ్రూపులోంచి బయటికి రానక్కర్లేదు, ఏ పిలుపుకు మోగాలో ముందే తేల్చిపెట్టాలి.

పొడవాటి యాంటెనా, 'గెయిన్' ఎక్కువని డబ్బా మీద రాసిన యాంటెనా గురించి కూడా ఒక మాట. యాంటెనా ఎక్కడినుంచో శక్తి పుట్టించదు. పైకి, కిందికి పోయేదాన్ని పిండి నేలబారుగా పంపుతుంది. మైదానంలో అది లాభం. మాటను అందుకుని మళ్లీ పంపే రిపీటరు పైన కొండ కొనన ఉండి, కారు కింద లోయలో ఉంటే నష్టం. మాట కొండ నడుముకు తగిలి ఆగుతుంది. అలాంటి చోట మామూలు పావు తరంగపు పుల్లే నయం. ఖరీదు కూడా తక్కువ, అందుకేనేమో దుకాణదారు దాన్ని ముందు చూపించడు.

కప్పు మధ్యలో యాంటెనా అంటే కప్పుకు రంధ్రం. ఇక్కడే చాలామంది వెనకాడతారు. కొత్త బండికి చిల్లు పెట్టడమా అని అయస్కాంతం యాంటెనా తెచ్చి అతికిస్తారు. తలుపు సందులోంచి కేబులు లాగుతారు. తలుపు వేసిన ప్రతిసారీ కేబులు నలుగుతుంది. ఆరు నెలలకు లోపలి రాగి తీగ, చుట్టూ ఉన్న జల్లెడ ఒకటికొకటి తగలడానికి సిద్ధంగా ఉంటాయి. ఫోర్డ్ ఎఫ్-150 పికప్ 2015 మోడలు నుంచి అల్యూమినియం ఒంటితో వచ్చాక ఈ ముచ్చటా తీరిపోయింది, అయస్కాంతం అతుక్కోనే అతుక్కోదు. ముప్పావు అంగుళం చిల్లు పెట్టి బిగించే ఎన్ఎంవో మౌంటే పోలీసు వర్క్‌షాపుల్లో మామూలు.

చిల్లు పెట్టడానికి వెనకాడటం తప్పు. పెట్టిన చిల్లును మరిచిపోవడం అంతకంటే పెద్ద తప్పు. 2017లో టెక్సస్ రాజధాని ఆస్టిన్ నగర పోలీసులు దాదాపు 400 ఫోర్డ్ ఎక్స్‌ప్లోరర్ గస్తీ వాహనాలను రోడ్డు మీద నుంచి తీసేశారు. నడిపే పోలీసులకు కార్బన్ మోనాక్సైడ్ సోకుతోందన్న భయం. కంపెనీ పరిశీలించి చెప్పిన కారణాల్లో ఒకటి, బండి ఫ్యాక్టరీ దాటాక లైట్లు, వైర్లు, పరికరాలు బిగించడానికి వెనక భాగంలో వేసిన రంధ్రాలను సరిగా మూయకపోవడం. పొగ గొట్టం దగ్గరి గాలి ఆ సందుల్లోంచి లోపలికి రావచ్చన్నారు. కంపెనీ తన ఖర్చుతో పోలీసు వాహనాల సందులు మూయిస్తానని ప్రకటించింది. వైరు పోయే చోట రబ్బరు గ్రోమెట్టు, దాని చుట్టూ సీలెంటు. ఖర్చు ఒక కాఫీ ఖరీదు. పని చేసినవాడు సంచి సర్దుకుని వెళ్లేలోపు నీళ్ల పైపు పెట్టి చూసుకోవాల్సింది యజమానే. ఇంటికి ఏసీ బిగించినప్పుడు గోడకు వేసిన చిల్లుకూ ఇదే వర్తిస్తుంది.

యాంటెనాకూ సెట్టుకూ మధ్య కేబులు ఉంటుంది. కాలువ తలదగ్గర ఎన్ని క్యూసెక్కులు వదిలారన్నదాని మీద చివరి ఆయకట్టు రైతుకు నమ్మకం ఉండదు, తన మడిలోకి ఎంత వచ్చిందన్నదే లెక్క. సెట్టు మీద రాసిన వాట్లు కాలువ తలవి. ఆర్‌జీ-58 అనే సన్నటి కేబులు, కారులో మామూలుగా పడే 17 అడుగుల పొడవు, 42 మెగాహెర్ట్జ్‌ల దగ్గర పెద్ద నష్టం లేదు. అదే కేబులు 800 దగ్గర దాదాపు సగం శక్తిని వేడి చేసి తినేస్తుంది. 35 వాట్ల సెట్టు కొన్నవాడికి కప్పు మీద దక్కేది 18కి అటూ ఇటూ. వినేటప్పుడూ అదే కోత. ఇంకో వెయ్యి రూపాయలు పెట్టి తక్కువ నష్టం కేబులు వేయడం, మిగిలిన కేబులును చుట్టచుట్టి సీటు కింద కుక్కకుండా కావలసినంతకే కోయడం, రెండూ కలిపితే కొత్త సెట్టు కొన్నంత ఫలితం.

కేబులు విషయంలో ఇంకో మోసం ఉంది, అనుభవం ఉన్నవాళ్లు కూడా ఇందులో పడతారు. యాంటెనా సరిగా కుదిరిందో లేదో చూడటానికి వర్క్‌షాపులో వాట్‌మీటరు పెడతారు. ముందుకు పోయే శక్తి ఎంత, తిరిగి వచ్చేది ఎంత అని చూసి ఎస్‌డబ్ల్యూఆర్ అనే అంకె చెబుతారు. 1.5 వస్తే నూటికి 4 వంతులు తిరిగి వచ్చినట్టు, మేలు. 2 అయితే 11 వంతులు. 3 అయితే పావు భాగం, ఏదో తేడా ఉన్నట్టే. బాగుంది. కానీ పోయే దారిలో సగం, వచ్చే దారిలో సగం తినేసే కేబులు మధ్యలో ఉంటే? చివర యాంటెనా ఊడిపోయి ఏమీ లేకపోయినా సెట్టు దగ్గర మీటరు 3 కంటే ఎక్కువ చూపించదు. కాస్త వంకర యాంటెనా ఉంటే చక్కగా 1.5 చూపిస్తుంది. నీళ్లు దిగి పాడైన కేబులు మంచి రిపోర్టు ఇస్తుంది, కొత్త కేబులు వేయగానే అంకె పెరుగుతుంది, కొత్తదాన్ని తిట్టుకుంటారు. అందుకే తెలిసినవాళ్లు మీటరును సెట్టు దగ్గర ఒకసారి, యాంటెనా మొదట్లో ఒకసారి పెట్టి రెండు అంకెలూ పోలుస్తారు. మధ్యవాళ్ల నోటి నుంచి అంతా బాగుందన్న నివేదికలు మాత్రమే అందుకునే మేనేజర్లు ఈ పేరా రెండుసార్లు చదవవచ్చు.

కరెంటు గురించి తక్కువే చెప్పాలి, కానీ చెప్పాలి. 100 వాట్లు పంపే సెట్టు మాట్లాడేటప్పుడు 20 ఆంపియర్లకు పైనే లాగుతుంది. సిగరెట్ లైటరు సాకెట్టు నుంచి తీసుకుంటే వైరు వేడెక్కుతుంది, ఓల్టేజి పడిపోతుంది, మాట వణుకుతుంది, ఆల్టర్నేటరు ఈల కూడా కలుస్తుంది. వైరు లావుగా, సూటిగా బ్యాటరీ నుంచి రావాలి. ఫ్యూజు సెట్టు పక్కన కాకుండా బ్యాటరీ పక్కనే ఉండాలి. మధ్యలో వైరు ఒరిసి బాడీకి తగిలితే కాలకుండా ఆపేది ఆ ఫ్యూజు ఒక్కటే.

ఇంత చేసినా మొదటి అక్షరం తెగిపోవచ్చు. 1937లో ఇల్లినాయ్ స్టేట్ పోలీసుల పెసోటమ్ కేంద్రంలో రేడియో పనులు చూసే చార్లెస్ హాపర్‌కు ఇదే తలనొప్పి. అప్పటి సెట్లలో వాల్వులకు కావలసిన ఎక్కువ ఓల్టేజి కోసం ఒక చిన్న మోటారు-జనరేటరు తిరగాలి. మీట నొక్కగానే అది వేగం అందుకోవడానికి సెకనులో కొంత భాగం పడుతుంది. పోలీసు ఆ లోపే మాట్లాడేస్తాడు, మొదటి ముక్క గాలిలో పోతుంది. ఆగి మాట్లాడండయ్యా అని ఎంత చెప్పినా తొందరలో ఉన్న మనిషి ఆగడు. హాపర్ మనుషుల్ని మార్చే పని పెట్టుకోలేదు. ప్రతి సంకేతానికీ ముందు 10 అన్న అంకె తగిలించాడు. 10-4 అంటే అందింది. 10-20 అంటే ఎక్కడున్నావు. 'టెన్' తెగిపోయినా నష్టం లేదు, అసలు అంకె దాని వెనక క్షేమంగా చేరుతుంది. జనం అలవాటును తిట్టకుండా ఆ అలవాటు తినేయడానికి ఒక ముక్కను ముందే పడేశాడు. పోలీసు రేడియో చరిత్రలో ఇంత చవకైన, ఇంత తెలివైన మరమ్మతు ఇంకొకటి ఉందా అన్నది అనుమానమే.

మోటారు-జనరేటర్లు పోయి చాలా కాలమైంది. జబ్బు పోలేదు. ఇప్పటి ట్రంకింగ్ వ్యవస్థల్లో మీట నొక్కితే సెట్టు ముందు కంట్రోలు కంప్యూటరును ఖాళీ చానెలు అడుగుతుంది, అది ఇచ్చాక చిన్న కూత వినిపిస్తుంది, అప్పుడే దారి తెరుచుకున్నట్టు. కూతకు ముందు అన్న మాట ఎవరికీ చేరదు. నొక్కాలి, కూత వినాలి, మైకును నోటికి నాలుగైదు సెంటీమీటర్ల దూరంలో కాస్త పక్కగా పట్టి మామూలు గొంతుతో చెప్పాలి. అరిస్తే డిజిటల్ సెట్టులో మాట ఇంకా చెడుతుంది. వీడియో మీటింగులో మ్యూట్ తీసీ తీయకముందే సగం వాక్యం చెప్పేసేవాళ్లందరూ హాపర్ పోలీసుల వారసులే. వాళ్లకు కూడా అదే వైద్యం పనిచేస్తుంది: మొదటి వాక్యంలో పోయినా పరవాలేని మాట పెట్టుకోవాలి. నమస్కారం దానికి సరిపోతుంది.

ఆ 'టెన్' సంకేతాలకు ఇంకో చివర కూడా ఉంది. ఒక్కో శాఖ తన సౌకర్యానికి అంకెలు మార్చుకుంది. ఒక జిల్లాలో ఒక అర్థం, పక్క జిల్లాలో ఇంకోటి. మామూలు రోజుల్లో గొడవ లేదు. తుపానుకో పెద్ద ప్రమాదానికో నాలుగు శాఖలు ఒకే చోట చేరితే అంకెలు అడ్డం తిరుగుతాయి. అందుకే 2006 నుంచి అమెరికా కేంద్ర ప్రభుత్వం పలు శాఖలు కలిసి పనిచేసే సందర్భాల్లో మామూలు భాషే వాడాలని పట్టుబట్టింది. పొట్టి మాట సొంతవాళ్ల మధ్య వేగం. బయటివాడు వచ్చి చేరిన క్షణం నుంచి ఆలస్యం.

పెద్ద వ్యవస్థ కొనడంలో తొందరపడకూడదని న్యూయార్క్ రాష్ట్రం ఖరీదైన పద్ధతిలో తెలుసుకుంది. స్టేట్ పోలీసులతో సహా అందరికీ ఒకే రేడియో జాలం కోసం 2005లో దాదాపు 200 కోట్ల డాలర్ల ఒప్పందం చేసుకుంది. మెచ్చుకోవాల్సిన పని ఒకటి చేసింది. రాష్ట్రమంతా పరచకముందు పశ్చిమాన ఈరీ, షొటాక్వా కౌంటీల్లో బిగించి పరీక్షించింది. అక్కడ నిలబడలేదు. 2009 జనవరిలో ఒప్పందం రద్దయింది. కాగితం మీద బాగున్న సిగ్నలును రెండు కౌంటీల కొండలు, కార్లు, చేతి సెట్లు తేల్చేశాయి.

చేతి సెట్టు మాట వచ్చింది కాబట్టి దాని గురించి. కారు దిగిన పోలీసు నడుముకు తగిలించుకున్న సెట్టు మహా అయితే 5 వాట్లు. దాని పొట్టి యాంటెనా ఒంటికి ఆనుకుని ఉంటే శరీరమే చాలా శక్తిని పీల్చేస్తుంది. సెట్టును నడుము నుంచి తీసి ముఖం ఎత్తుకు పట్టి నిటారుగా ఉంచితే తేడా అక్కడికక్కడే తెలుస్తుంది. కాలిఫోర్నియా హైవే పెట్రోల్ ఇంకో అడుగు వేసింది. చేతి సెట్టు కొండ మీది స్టేషను దాకా అరవక్కర్లేదు, పది అడుగుల్లో ఆగి ఉన్న తన కారుకు వినిపిస్తే చాలు. కారులోని రిపీటరు దాన్ని అందుకుని పెద్ద సెట్టుతో పంపుతుంది. బలహీనుడు దూరం చూసి భయపడకుండా దగ్గరున్న బలమైనవాడికి చెప్పుకునే ఏర్పాటు.

ఇప్పటి గస్తీ వాహనం కప్పు మీద ఇరుకు పెరిగింది. 2011లో ఫోర్డ్ క్రౌన్ విక్టోరియా తయారీ ఆగాక ఎక్కువ శాఖలు ఎస్‌యూవీలకు మారాయి. ఒక్కో కప్పు మీద వీహెచ్‌ఎఫ్, 800 మెగాహెర్ట్జ్, జీపీఎస్, సెల్ డేటా. అద్దం వెనక స్పీడు రాడారు. పైన లైట్ల బారు. ఒక యాంటెనా పంపుతుంటే పక్కది చెవుడు పడుతుంది, అందుకే వాటిని వీలైనంత దూరంగా, లైట్ల బారుకు ఆనకుండా పెట్టాలి. స్థలం చాలక నాలుగింటిని ఒక నల్ల బిళ్లలో కూర్చినవి వచ్చాయి. బిళ్ల ముచ్చటగా ఉంటుంది కానీ దాని నుంచి నాలుగు సన్నటి కేబుళ్లు దిగుతాయి; పైన చెప్పిన 800 లెక్క అక్కడ మళ్లీ ఎదురవుతుంది.

మన దగ్గర ఈ లెక్కలు పోలీసులకే పరిమితం కాదు. కేంద్ర హోం శాఖ కింద పోలీసు వైర్‌లెస్‌ను సమన్వయపరిచే సంస్థ 1946 నుంచి ఉంది. హైదరాబాద్‌లో 1983లో మొదలైన నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియో వంటి చోట్ల చేరి, పరీక్ష రాసి, లైసెన్సు తెచ్చుకున్న హామ్‌లు, అంటే ఔత్సాహిక రేడియోవాళ్లు, సొంత కార్లలో సెట్లు బిగించుకుంటున్నారు. లైసెన్సు లేకుండా మీట నొక్కడం నేరం. ఆ సంగతి ముందు. హామ్‌లు వాడే 145 మెగాహెర్ట్జ్‌ల దగ్గర పావు తరంగం 52 సెంటీమీటర్లు. పోలీసు బండికి వర్తించిందంతా ఆ కారుకూ వర్తిస్తుంది.

పిలుపుకు జవాబు రాని రోజున వెతికే వరస ఇలా ఉంటే సమయం కలిసొస్తుంది. ముందు మాట్లాడిన తీరు: కూత వరకు ఆగారా, చానెలు సరైనదేనా. తర్వాత బండి దిగి యాంటెనా ఊడిందా, వంగిందా చూడటం. కార్ వాష్‌కు వెళ్లొచ్చిన బండిలో సగం జబ్బులు అక్కడే దొరుకుతాయి. తర్వాత కేబులు రెండు చివరలు, ముఖ్యంగా వానాకాలం తర్వాత కప్పు మీది బిగింపు కింద పచ్చగా తుప్పు పట్టిందా అని. ఆ తర్వాత ఇంజను ఆపి, మాట్లాడుతూ బ్యాటరీ దగ్గరా సెట్టు దగ్గరా ఓల్టేజి. ఇవన్నీ అయ్యాక, అప్పటికీ తేలకపోతే, సెట్టు. బండి మార్చినప్పుడు పాత సెట్టును విప్పి కొత్త బండికి తెచ్చుకోవచ్చు, అందులో తప్పు లేదు. పాత కేబులును మాత్రం పాత బండిలోనే వదిలేయాలి.